తాడుకు కట్టిన నిమ్మకాయ

సినిమాలో ముత్తైదువ వేషానికి ఎవరైనా పనికొస్తారు. భర్త ఉన్నా లేకపోయినా, అసలు పెళ్లే కాకపోయినా, కాస్ట్యూమ్స్ వాళ్లు పెట్టెలోంచి ఒక ఉత్తుత్తి తాళి తీసి మెడలో వేస్తే చాలు, పెళ్లి పందిట్లో కూర్చోవచ్చు. కానీ సినిమా మొదలుపెట్టే రోజున కెమెరాకు హారతి ఇవ్వాలంటే మాత్రం అసలు తాళి ఉండాలి. నేను చాలా ఏళ్లు ఈ రెండు పనులూ చేశాను. ఒక్కరోజు రెండింటినీ కలిపేశాను. ఆ రోజు సంగతే చెబుతాను.

మా జూనియర్ ఆర్టిస్టుల సంఘం వాళ్లు పాతవాళ్ల అనుభవాలతో పుస్తకం వేస్తామని వచ్చారు. "మంచి జ్ఞాపకం ఏదైనా చెప్పమ్మా" అన్నారు. మంచివి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు రాయడం సంతకం వరకే వచ్చు, అందుకని నోటితో చెబుతున్నాను. తెల్లవారకముందే కృష్ణానగర్ చౌరస్తాలో టిఫిన్ డబ్బా పట్టుకుని వ్యాను కోసం నిలబడే ఆడపిల్లలు ఇది చదవాలి. చదవలేకపోతే ఎవరిచేతనైనా చదివించుకోవాలి.

మాది పాలమూరు దిక్కు. పెళ్లయ్యాక యూసుఫ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. నా భర్త సెట్లకు రంగులు వేసేవాడు. ప్లైవుడ్ మీద పాలరాయి గీసేవాడు. ఒకసారి ఎండలో నడిచొచ్చి, ఆ స్తంభం చల్లగా ఉంటుందని చెంప ఆనించాను. చెంపంతా రంగు. సెట్టంతా నవ్వారు, ఆయన మాత్రం తెగ సంబరపడ్డాడు. తన పనికి అంతకన్నా మెప్పు ఏముంటుంది?

నేను జూనియర్ ఆర్టిస్టును. పెళ్లి సీన్లలో వెనక వరసలో అక్షింతలు వేయడం, హీరోయిన్ ఏడిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, ఇదీ నా పని. హారతి సంగతి అనుకోకుండా మొదలైంది. ఒక చిన్న నిర్మాత మొదటి సినిమాకు ముహూర్తం. హారతి ఇవ్వాల్సిన పెద్దావిడ ఎక్కడో ట్రాఫిక్‌లో చిక్కుకుంది. ఘడియ దాటిపోతోందని పంతులు ఒకటే తొందర. ప్రొడక్షన్ మేనేజర్ చుట్టూ చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, నీకు ఇంటాయన ఉన్నాడా?"

"ఉన్నడు సార్. గా గోడకు రంగు ఏస్తుండు సూడుండ్రి."

నిచ్చెన మీద ఉన్న మా ఆయన బ్రష్ ఊపాడు. అందరూ నవ్వారు. "ఇంకేం మరి, రా రా" అంటూ పళ్లెం నా చేతిలో పెట్టారు. అంతే. ఆ సినిమా బాగా ఆడింది.

రెండో సినిమాకు ఆ నిర్మాత గారు నన్ను వెతికించి పిలిపించారు. అదీ ఆడింది. ఇక ఆయనకు నేను లేకుండా కెమెరా తిరిగేది కాదు. కొబ్బరికాయ మరిచిపోయినా ఊరుకునేవారేమో గానీ, నేను రాకపోతే ఊరుకునేవారు కాదు. మూడోది ఆడలేదు. దానికి నా చెయ్యి కారణమని ఎవరూ అనలేదు, ఆ రోజు కర్పూరం పాతదని తేల్చారు. మంచి జరిగితే నా చెయ్యి, చెడు జరిగితే కర్పూరం. నాకూ ఆ లెక్క బాగానే ఉండింది.

నవ్వకండి. అక్కడ అందరికీ ఏదో ఒకటి ఉండేది. ఒక దర్శకుడు మొదటి షాట్ అయ్యేదాకా ఎడమకాలి చెప్పు వేసుకునేవాడు కాదు. ఒక రచయిత రీఫిల్ ఎప్పుడో అయిపోయిన పెన్నును జేబులోంచి తీసేవాడు కాదు. నా వరకు, ఆ హారతి రోజున నాకు ఒక కుర్చీ దొరికేది. జూనియర్ ఆర్టిస్టుకు కుర్చీ ఉండదని మీకు తెలుసు. మెట్ల మీదనో, ఇటుకల మీదనో, జనరేటర్ వ్యాను నీడలోనో కూర్చుంటాం. ముహూర్తం రోజు మాత్రం ముందు వరసలో కుర్చీ, కొత్త చీర, "హారతమ్మ గారూ, కాఫీ తాగారా" అనే మర్యాద. మరుసటి రోజు మళ్లీ ఇటుకలే.

మా ఆయన ఎగతాళి చేసేవాడు. "నీ చెయ్యి గంత మంచిదైతే జర నా దగ్గు మీద పెట్టు" అనేవాడు. గుండె మీద చెయ్యి పెడితే కావాలని ఇంకా గట్టిగా దగ్గేవాడు. నేను కొట్టేదాన్ని. రంగు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకొమ్మని ఎంతమంది చెప్పినా వినలేదు. మెడలో తాయెత్తు పైకి తీసి చూపించేవాడు, ఇది ఉండగా నాకేం కాదన్నట్టు. చివరకు ఊపిరితిత్తులు పనికిరాకుండా పోయాయని డాక్టర్లు చెప్పారు. ఆస్పత్రిలో నర్సమ్మ ఆ తాయెత్తును కత్తిరించి నా చేతిలో పెట్టింది.

ఊరికి తీసుకెళ్లి చేయాల్సినవి చేశాం. పదకొండో దినాన గాజులు, మెట్టెలు, పుస్తెలు తీశారు. నెల తిరగ్గానే వచ్చేశాను, పని లేకుండా ఎన్నాళ్లు కూర్చుంటాను? సినిమా ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. షూటింగులో ఎలాగూ వేషానికి బొట్టు పెడతారు, ఎవరూ అనుమానపడలేదు. సాయంత్రం బస్సు దిగి, గల్లీ మొదట్లో పంపు దగ్గర బొట్టు కడుక్కుని ఇంటికి వెళ్లేదాన్ని.

రెండు నెలలకు మేనేజర్ గారు మా గదికి వచ్చారు. ఎల్లుండి ముహూర్తమని చెప్పడానికి. చెబుతూ చెబుతూ గోడ వైపు చూశారు. దండ వేసిన ఫొటో. నిచ్చెన మీద నుంచి బ్రష్ ఊపిన మనిషే.

"ఎప్పుడమ్మా?"

"రెండు నెలలాయె సార్."

"మాకు ఒక్క మాటైనా చెప్పలేదే."

"చెప్తే పిలుస్తరా సార్?"

ఆయన తలుపు దగ్గరికి వేశారు. చెడ్డమనిషి కాదు. నా భర్త ఆస్పత్రిలో ఉన్నాడని తెలిస్తే పండ్లు పట్టుకుని వచ్చేవారే.

"చూడమ్మా. అయ్యగారికి వరుసగా రెండు సినిమాలు పోయాయి. మనిషి సగమయ్యాడు. నువ్వు రావని చెబితే ఆయన అసలు మొదలే పెట్టడు, ఇంతమంది పని పోతుంది. ఈ ఫొటో నేను చూళ్లేదు, నువ్వు నాకేం చెప్పలేదు. సరేనా?"

కాదనొచ్చు. కాదంటే నన్ను ఎవరూ కొట్టరు. కానీ ఉన్నమాట చెప్పుకోవాలి కదా, నాకు ఆ కుర్చీ మీద ఆశ ఉంది. ఆ ఒక్క పూటా నేనొక మనిషిని. భర్తతో పాటు అది కూడా పోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మా పక్కగదిలో కాస్ట్యూమ్స్‌లో పనిచేసే ఆమె ఉండేది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవురాలు, ఆదివారం చర్చి మానేది కాదు. అప్పుడు తను చేస్తున్న సినిమా పెట్టెలోంచి ఒక ఉత్తుత్తి తాళి తెచ్చి ఇచ్చింది.

"ఇదిగో అక్కా, ఇది ఎంతమంది మెడలు చూసిందో ప్రభువుకే తెలుసు. సాయంత్రానికి తెచ్చి ఇచ్చెయ్, రేపు దీనికి పెళ్లి సీనుంది."

"నాకు బయమైతుందే."

"పూత తాళికి భయమేంటి? మీకు అన్నిటికీ భయమే. పిల్లికి భయం, తుమ్ముకి భయం." అలా అంటూనే బ్యాగులోంచి ప్రార్థన చేయించిన నూనె సీసా తీసి నా నుదుటి మీద ఒక చుక్క రాసింది. "ఇదీ ఉండనీ, పోయేదేముంది" అంది. ఆ నూనె మీద కుంకుమ నిలవలేదు. స్టిక్కర్ బొట్టు అంటించుకుని వెళ్లాను.

జూబ్లీహిల్స్‌లో ఒక షూటింగ్ ఫ్లోరు. సెట్ మధ్యలో కెమెరాకు పూలదండ వేశారు. నిర్మాత గారు నన్ను చూసి రెండు చేతులూ జోడించారు. "వచ్చావా తల్లీ, ఇక నాకు బెంగ లేదు" అన్నారు. కొంగు మెడ చుట్టూ బిగించుకుని పళ్లెం అందుకున్నాను.

మొదటి చుట్టు తిప్పాను. రెండో చుట్టుకు మంట పైకి లేచింది, దానితోపాటు నా చూపూ పైకి పోయింది. పైన, రెండంతస్తుల ఎత్తులో, లైట్లు పెట్టే చెక్క పలకలు తాళ్లతో వేలాడుతున్నాయి. లైట్‌మన్‌లు ఆ పలకల మీదే కూర్చుని పనిచేస్తారు. సరిగ్గా కెమెరా మీద ఉన్న పలక తాడు ముడి దగ్గర పిగిలి ఉంది. మూడు పేటల్లో ఒకటి విడిపోయి జుట్టులా లేచి నిలబడింది. ఏళ్ల తరబడి మా ఆయనతో సెట్లలో తిరిగినదాన్ని, ఏ తాడు ఎన్నాళ్లు ఆగుతుందో చూస్తే తెలుస్తుంది. ఆ పిగిలిన చోటే దిష్టికి ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు గుచ్చి కట్టారు. నిమ్మకాయ తాజాగా, పచ్చగా మెరుస్తోంది.

నోరు తెరిచాను. మేనేజర్ నా వైపే చూస్తున్నారు. ముహూర్తం వేళ హారతి ఇచ్చే మనిషి నోటివెంట తెగుతుంది, పడుతుంది అనే మాట రాకూడదు. అది మా పనిలో అందరికంటే ముందు నేర్చుకునే పద్ధతి. పైగా నేను అరిస్తే అందరి కళ్లూ నా మీదికి వస్తాయి. మెడలో ఉన్నదేమిటో దగ్గరగా చూస్తారు. మూడో చుట్టు తిప్పి, పళ్లెం కింద పెట్టేశాను.

తర్వాత చెబుదామనుకున్నాను. కుర్చీ వేశారు. స్వీటు ఇచ్చారు. ఇంకెవరో చూసే ఉంటారులే, లైట్ల వాళ్లకు తెలియదా అనుకున్నాను. ఎవరూ గుర్తుపట్టకముందే వెళ్లిపోవాలని తప్ప నాకు వేరే ధ్యాస లేదు. గేటు దాటాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

మూడో రోజున ఆ పలక తాడు తెగింది. దానిమీదున్న లైట్‌మన్ కింద పడ్డాడు. ప్రాణం ఉంది గానీ, నడుము నుంచి కిందికి స్పర్శ లేదన్నారు.

ఆ సాయంత్రానికే ఫ్లోరులో ఒకటే మాట, హారతి ఎవరిచ్చారని. మా గల్లీ నుంచి అక్కడ పనికి వెళ్లే మనిషి ఒకడు నా భర్త పోయిన సంగతి చెప్పేశాడు. ఇక చూడండి, అందరి గుండెలూ తేలికపడ్డాయి. తప్పు ఎక్కడుందో దొరికింది కదా. మేనేజర్ గారు "నాకు తెలియనే తెలియదండీ, మమ్మల్ని మోసం చేసింది" అన్నారట.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆ లైట్‌మన్ భార్య మా తలుపు తన్నుకుంటూ వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. జుట్టు విరబోసుకుని, కాళ్లకు చెప్పులు కూడా లేవు.

"ముండమోపిదానా! నీ మొగున్ని తిన్నది సాలక నా మొగుని మీద పడ్డవా? గా చేత్తోటి హారతెట్ల ఇచ్చినవే?"

నేను గడపలో కూర్చుండిపోయాను. కాదనడానికి నాకు మాత్రం వేరే నమ్మకం ఏముంది? రెండు రాత్రులుగా నన్ను నేను తిట్టుకుంటున్నదీ అదే మాట.

"ముహూర్తం నాడు పొద్దున లేచి ఇంట్లకెల్లి నిమ్మకాయ తీస్కపోయిండు. తాడుకు కట్టుకుంటనే, బయమైతుందే అన్నడు. గా నిమ్మకాయను సుత మింగింది నీ చెయ్యి!"

ఆమె గుండెలు బాదుకుంటూ వెళ్లిపోయింది. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. నిమ్మకాయ కట్టింది అతనే. నేను చూసిన పిగులు నాకంటే ముందే అతను చూశాడు. చూశాడు కాబట్టే భయపడ్డాడు.

పక్కగది ఆమె అన్నం తెచ్చి పెడితే ముట్టలేదు. "నువ్వేమన్నా దేవుడివా, చేత్తో తాళ్లు తెంపడానికి?" అని కసిరింది.

"తాడు ముందే పిగిలిందే. హారతిచ్చేటప్పుడు సూసిన."

ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది. "చూశావా?"

"సూసిన."

"చూసి?"

నేను తల దించుకున్నాను. ఆమె ముద్దను కంచంలో పెట్టేసింది. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఆడే మనిషి, అప్పుడు మాత్రం ఆడలేదు. "అక్కా, తాళి సంగతి ఊరంతా చెప్పారుగా, దాన్ని వదిలెయ్. ఇది మాత్రం నువ్వే వెళ్లి చెప్పాలి" అంది.

మర్నాడు మధ్యాహ్నం జూబ్లీహిల్స్ ఆఫీసులో పంచాయితీ పెట్టారు. నన్ను పిలవలేదు, నేనే వెళ్లాను. లోపల నిర్మాత గారు, మేనేజర్ గారు, లైట్‌మన్‌ల సంఘం పెద్ద, గోడకు ఆనుకుని ఆ లైట్‌మన్ భార్య. నిర్మాత గారు నా ముఖం చూడకుండా కిటికీ వైపు తిరిగి మాట్లాడారు.

"ఇంట్లో మనిషిలా చూశాను కదమ్మా. ఎంత పని చేశావు."

ఆయన తిడితే బాగుండేది. ఆ మెత్తని గొంతుకు నాకు కన్నీళ్లు ఆగలేదు.

మేనేజర్ గారు సంఘం పెద్దతో అంటున్నారు, "ఇది ఎవరి తప్పూ కాదండీ. దోషం జరిగింది. శాంతి చేయిద్దాం, ఆ కుటుంబానికి మనకు తోచింది ఇద్దాం. ఆఫీసు తప్పని మాత్రం ఎక్కడా రాయొద్దు." ఆఫీసు తప్పు లేదంటే ఆ మనిషి వైద్యం రెండు వారాలకే ఆగిపోతుంది. ఎన్నాళ్లు మంచం మీద ఉంటాడో ఎవరికి తెలుసు? అది గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఆ పిల్లకు మాత్రం ఇంకా తెలియదు.

"సార్, ఒక్క మాట" అన్నాను.

"నువ్వు చేసింది చాల్లేమ్మా" అన్నారు మేనేజర్.

"చేసిన. అబద్ధమాడిన. మళ్ల నన్ను పిలవకుండ్రి, నా మీద కోపం లేదని సుత చెప్పకుండ్రి. కానీ సార్, ఆ తాడు నా మెడ సూసి తెగలే. ముందే పిగిలింది. హారతిచ్చుకుంట నేను సూసిన."

మేనేజర్ గారు నవ్వబోయారు. "మెడలో తాళే అబద్ధం. ఈవిడ మాట ఎవరు నమ్ముతారండీ?"

"నా మాట నమ్మకుండ్రి. మిగతా పలకలు గట్లనే వేలాడుతున్నయి కదా, పోయి సూడుండ్రి. లేకుంటే ఈ పిల్లనడుగుండ్రి, ఆమె మొగడు ఇంట్లకెల్లి నిమ్మకాయ ఎందుకు తీస్కపోయిండో."

గోడ దగ్గరున్న పిల్ల నా వైపు చూసింది. నిన్న పొద్దున తలుపు తన్నిన చూపు కాదది. నెమ్మదిగా, గుర్తు చేసుకుంటూ చెప్పింది.

"తాడు మార్చుమని రెండుసార్లు అడిగిండు సార్. షెడ్యూల్ అయినంక సూద్దాం అన్నడంట మేనేజర్ సారు. ఇగ ఎవ్వరినడగాలె అని... నిమ్మకాయ తీస్కపోయిండు."

నిర్మాత గారు అప్పుడు కిటికీ నుంచి ఇటు తిరిగారు. చెప్పులు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఫ్లోరుకు నడిచారు. మేమంతా వెనకాలే. మిగతా పలకలను కిందికి దింపించారు. ఆయన ఒక ముడి దగ్గర తాడును బొటనవేలితో రుద్దితే నార పొడిపొడిగా రాలింది. రెండో దానికీ అంతే. దానికి కూడా ఎవరో ఒక నిమ్మకాయ కట్టి ఉంచారు, ఎండిపోయి నల్లబడింది. ఆయన దాన్ని తెంపి చేతిలోకి తీసుకున్నారు. తర్వాత సంఘం పెద్దతో, "రాయండి. తప్పు మాదే. అతను లేచి కూర్చునేదాకా వైద్యం నాది" అన్నారు.

మేనేజర్ గారు మా గోడ మీది ఫొటో చూశారన్న మాట నేను అక్కడ చెప్పలేదు. ఇప్పుడే చెబుతున్నాను. అప్పటికే ఆయన ముఖంలో రక్తం లేదు. ఇంకొక్క మాట అంటే ఆయన ఉద్యోగం పోయేది. తాళ్ల సంగతిలో ఆయన తప్పు ఎంతో, ఆ ఫొటో సంగతిలో నా తప్పూ అంత ఉంది.

నిర్మాత గారు ఫ్లోరులో తాళ్లన్నీ మార్పించారు. వారం తిరక్కుండా మళ్లీ ముహూర్తం పెట్టించి, వేరే ఆమెతో హారతి ఇప్పించారు. తాళ్లూ మార్చారు, ముత్తైదువనూ మార్చారు. రెంటిలో దేన్ని ఆయన ఎక్కువ నమ్మారో నాకు తెలియదు. ఆ తర్వాత ఏ ముహూర్తానికీ నన్ను ఎవరూ పిలవలేదు. మోకాళ్లు అరిగిపోయేదాకా వెనక వరసలో అక్షింతలు వేశాను.

ఆ సినిమా ఆడిందా అని అందరూ అడుగుతారు. చెప్పను. ఆడిందంటే ఒకలా, ఆడలేదంటే ఇంకోలా, మళ్లీ తీసుకొచ్చి నా చేతికే ముడిపెడతారు.

నమ్మకాలు మానుకొమ్మని మీకు చెప్పడానికి నేనెవరిని? ఇప్పటికీ బయలుదేరే ముందు ఎవరైనా తుమ్మితే కూర్చుని గ్లాసుడు నీళ్లు తాగిగానీ కదలను. నిమ్మకాయ కట్టుకోండి, తాయెత్తు కట్టుకోండి, ఎవరొద్దన్నారు. కట్టే చోటు ఒకసారి చూడండి. చూస్తే, అది ఎంత మంచి ఘడియ అయినా సరే, నోరు తెరిచి చెప్పండి.

ఆ రోజు ఫ్లోరు నుంచి బయటికి వస్తుంటే గేటు దగ్గర ఆ పిల్ల నా కోసం ఆగి ఉంది. కాళ్లకు అప్పుడు కూడా చెప్పులు లేవు. నా చేతులు పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. తిట్టినందుకు ఏదో ఒకటి అంటుందనుకున్నాను.

"నీ తాళి సంగతి నాకొద్దు. ఉంటే ఉన్నది, పోతే పోయింది. నిన్నట్ల తిట్టినందుకు నా నోరు పడిపోను" అంది. "కానీ నువ్వు పైకి సూసినవు. నా మొగడు గాడ ఎక్కి కూసుంటడని నీకు ఎరుకే. సూసి మూడు దినాలు నోరు మూసుకున్నవు. గదానికి మాత్రం నిన్ను మాఫ్ చెయ్య."

నేను సరే అన్నట్టు తల ఊపాను. ఆమె ఆస్పత్రి బస్సు ఎక్కి వెళ్లిపోయింది. చేతిని మొక్కినవాళ్లున్నారు, అదే చేతిని తిట్టినవాళ్లున్నారు. నేను నిజంగా చేసిన తప్పుకు నన్ను పట్టుకుని అడిగింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.